దాటుడాట

పద్మకూట నగరంలో వసంతోత్సవం వచ్చిందంటే ఊరిని చూడటానికి రెండు కళ్ళు చాలవు. కోటబురుజుల మీద పసుపు పతాకాలు రెపరెపలాడుతున్నాయి. రాజమార్గం పొడవునా పన్నీరు చిలకరించి మోదుగుపూలు పరిచారు. గడపగడపకూ మామిడిపూత తోరణాలు, అరుగు అరుగునా గంధం గిన్నెలు. ఇక నాట్యమండపం సరేసరి. చంద్రకాంత స్తంభాల మీద ఒక్కొక్క భంగిమలో నిలిచిన రాతికన్యలు ఉదయపుటెండలో చెమర్చినట్టు మెరుస్తున్నారు. కప్పుకు వేలాడదీసిన ముత్యాల జాలరులు గాలికి కదిలినప్పుడల్లా ఎక్కడో చిరుజల్లు మొదలైనట్టు చప్పుడవుతోంది.

ఆ మండపంలో నిన్నమొన్నటి వరకూ ఆస్థాన నర్తకి విపంచిక మాటే వేదం. ఆమె పసితనంలో గజ్జె కట్టిన నాటినుంచి ఆ నేల మీద కొలువునాట్యం తప్ప మరో ఆట ఎవరూ ఆడలేదు. ఆడకూడదని పాత రాజుల కట్టుబాటు.

మణికేతు మహారాజు గద్దెనెక్కాక ఆ కట్టుబాటు చెల్లిపోయింది. యుద్ధాలు ముగిశాయి, కోట తలుపులు తెరుచుకున్నాయి. కారుకొండల వాళ్ళు తేనె తుట్టెలతో, మూలికలతో దిగివచ్చి ఉత్తరపు వీధిలో ఇళ్ళు కట్టుకున్నారు. ఉప్పుతీరం నుంచి పల్లెకారులూ, మరుదేశం నుంచి గుర్రాలవాళ్ళూ వచ్చి స్థిరపడ్డారు. ఒక ఊళ్ళో బతికేవాళ్ళందరి ఆటలూ ఒక మండపంలోనే సాగాలని రాజు చాటింపు వేయించాడు. పండితులు ముక్కున వేలేసుకున్నారు. విపంచిక మాత్రం నవ్వి ఊరుకుంది. నెత్తిన కడవలు పెట్టుకుని ఊగే ఉప్పుతీరపు ఆడవాళ్ళను చూసినా, జీను మీద నిలబడి కత్తులు తిప్పే మరుదేశపు వాళ్ళను చూసినా ఆమెకు నవ్వే వచ్చింది. ఏనుగు దోమ మీద పగపట్టదు కదా.

గోరింకను చూసిన రోజు మాత్రం నవ్వు రాలేదు.

గోరింక కారుకొండల పిల్ల, డోలు వాయించే దుబ్బన్న కూతురు. నల్లగా, సన్నగా, వెదురు బద్దలా ఉంటుంది. ఆమె ఆడేది దాటుడాట. కారుకొండల్లో తల్లి దగ్గర కూతురు నేర్చుకునే ఆట అది. మగవాళ్ళు డోలు కొట్టడం వరకే. అందులో అభినయం లేదు, కథ లేదు, కాళ్ళకు గజ్జెలు కూడా లేవు. ఒంటికాలి మీద నిలిచి, కంటికి కనిపించని చోటేదో వెతుకుతున్నట్టు రెండో కాలు చాపి, చటుక్కున దూకి, దూకిన చోట రెప్పపాటు శిలలా ఆగిపోవడమే. పండితులు వాటిని కప్పగంతులన్నారు. కాని ఆ ఆగిపోవడం దగ్గర సభ అంతా ఊపిరి బిగబట్టడం విపంచిక చూసింది. ఆ నిలకడ కోసం గురువు తనను ఎన్నేళ్ళు కొట్టాడో ఆమెకు తెలుసు. ఈ పిల్లకు అది అడగకుండానే దొరికింది.

అది మొదలు విపంచికకు అన్నం సయించలేదు. గోరింక సాధన చేసే వేళకు స్తంభం చాటున చేరేది. తప్పు పట్టుకుందామని వెళ్ళి, తప్పు దొరకక తిరిగివచ్చేది. ఇంటికి వచ్చి తలుపులు మూసుకుని, ఆ అడుగులు ఎంత మోటువో తనకు తానే రుజువు చేసుకోవాలని తన కాళ్ళతో వేసి చూసుకునేది. వేసినకొద్దీ కడుపులో మంట హెచ్చేదే కాని తగ్గేది కాదు. అది చాలదన్నట్టు, ఈ వసంతోత్సవానికి తొలి ఆట గోరింకదని, ఆ తరువాతే విపంచికదని రాజు ప్రకటించాడు. ఇంటి కోడలిని వెనక్కు జరిపి చుట్టానికి పెత్తనమిచ్చినట్టయింది.

సరిగ్గా అటువంటి సమయంలో ఆమె గుమ్మంలోకి ఒక గజ్జెల వర్తకుడు వచ్చాడు. మనిషి వంగిపోయిన ముసలివాడు, కళ్ళు మాత్రం గుండ్రంగా, పచ్చగా, రెప్ప వేయకుండా ఉన్నాయి. వెండి గజ్జెలు, కంచు గజ్జెలు చూపించి, ఆమె దేనినీ ముట్టకపోయేసరికి మూట అడుగునుంచి నల్లలోహపు గజ్జెలు తీశాడు.

"మీకు గజ్జెలతో పని లేదు తల్లీ, ఎదుటివాళ్ళ కాళ్ళతోనే పని," అన్నాడు మెల్లగా. "వీటిని మీ చేతులతో ఆ కొండపిల్ల కాళ్ళకు కట్టండి. నిండు సభలో అడుగు మరిచిపోతుంది. నలుగురూ నవ్వుతారు. అంతకు మించి ఏమీ జరగదు."

ప్రతిఫలం ఏమిటని విపంచిక అడిగితే ఆమె సంతోషమే తనకు చాలన్నాడు. ఊరికే వచ్చిన వస్తువును అనుమానించాలని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆమెకూ తెలుసు. అయినా తీసుకుంది.

ఉత్సవం నాటి ఉదయం తెర వెనుక గోరింక ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఆ గజ్జెలు కట్టింది. ఆస్థాన నర్తకి తన పాదాలు ముట్టడం చూసి గోరింక బిత్తరపోయింది.

"నా కాలికి నువ్వు గజ్జె కడతన్నావా అప్పా? మాయమ్మ బతికుంటే సూసి ఎంత మురిసిపోయేదో," అంది, కొండవాళ్ళు అక్కను పిలిచినట్టు పిలుస్తూ.

ముడి మీద విపంచిక వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. అంతలో తెర అవతల జనం గోరింక పేరు పెట్టి కేకలు వేయడం వినిపించింది. వేళ్ళు ముడిని బిగించాయి.

తెర తొలగింది. దుబ్బన్న డోలు మీద చేయి వేశాడు. గోరింక ఒంటికాలి మీద నిలిచింది. మరుక్షణం ఎవరూ మోగించకుండానే నల్లగజ్జెలు వాటంతటవే ఝల్లుమన్నాయి. గోరింక ముఖం పాలిపోయింది. కాళ్ళు ఆమెవి కానట్టు మండపం అంచుకు దూకి, అక్కడినుంచి జనం మధ్యకు దూకి, రాజమార్గం వెంట ఉత్తరపు కోటగుమ్మం వైపు సుడిగాలిలా పరుగెత్తాయి. చేతులు మాత్రం వెనక్కు సాగి దొరికిన స్తంభాన్నల్లా పట్టుకోబోయి విఫలమవుతున్నాయి. కోటగుమ్మం దగ్గర గజ్జెల వర్తకుడు వంగిన నడుము నిటారుగా సాచి, కప్పుకున్న దుప్పటి విసిరికొట్టాడు. గుడ్లగూబ ముఖం, భుజాల మీద పొగలా కదిలే జుట్టు, చేతిలో ఎముకల దండం. కావలివాళ్ళు బల్లేలు ఎత్తేలోపల ధూళి లేచింది. ధూళి అణిగేసరికి మాంత్రికుడూ లేడు, గోరింకా లేదు.

"ఉలూకాక్షుడు," అని ముసలి మంత్రి గొణిగాడు.

సభ అల్లకల్లోలమైంది. కొండవాళ్ళు విల్లంబులు అందుకున్నారు. నగరవాసులు దుకాణాలు మూశారు. రౌతులను మాంత్రికుడి వెంట పంపి, జనం చెదిరిపోకుండా పట్టి ఉంచడానికి రాజు విపంచికను ఆడమన్నాడు. ఆమె ఆడింది. జీవితంలో అంత చక్కగా ఎన్నడూ ఆడలేదు. కాని ఒక్క కన్ను కూడా ఆమె మీద నిలవలేదు. అందరి మెడలూ ఉత్తరపు గుమ్మం వైపే తిరిగి ఉన్నాయి. లేని గోరింక కూడా తనను గెలిచిందని విపంచికకు అర్థమైంది. ఆట ముగియకుండానే ఆగిపోయింది. ఆగిపోయిందని కూడా ఎవరూ గమనించలేదు.

అప్పుడు దుబ్బన్న డోలు దించి రాజు ముందుకు వచ్చాడు.

"దొరా, ఆడికి కావాల్సింది నా కూతురు గాదు, దాని అడుగులు," అన్నాడు. "దాటుడాట ఆట గాదు. తోవ."

కారుకొండల నడుమ కాగుమడుగు ఉంది. ఏడాది పొడవునా బురద సలసల మరిగే మడుగు అది. అందులో రాళ్ళు తేలుతూ మునుగుతూ ఉంటాయి. ఏ రాయి తరువాత ఏ రాయి తేలుతుందో, ఎంతసేపు నిలుస్తుందో అంతా ఆ ఆటలోనే ఉంది. మడుగు అవతల గుహలో మేఘమణి ఉంది. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు చెప్పిన చోట వాన కురుస్తుంది, వద్దన్న చోట కరువు పడుతుంది. తరతరాలుగా దానిని ఎవరూ ముట్టకుండా కాపాడుతున్నది కొండ ఆడవాళ్ళ పాదాలే. దుబ్బన్న భార్య పోయాక ఆ తోవ తెలిసిన కాళ్ళు లోకంలో గోరింకవి మాత్రమే. ఈ మాటలన్నీ దుబ్బన్న దించిన తల ఎత్తకుండా చెప్పాడు. సూర్యుడు కుంకేలోపు పిల్ల తిరిగిరాకపోతే తమవాళ్ళను ఆపడం తన వల్ల కాదనీ, ఆ గజ్జెలు కట్టింది కొండమనిషి కాదని అందరికీ తెలుసుననీ చెప్పి ముగించాడు.

గజ్జెలు ఎవరు కట్టారని రాజు అడిగాడు. విపంచిక ఒక అడుగు వెనక్కు జరిగింది. కాని ఒక సంగతి ఆమె గుండెల్లో పిడుగులా పడింది. ఆ తోవ తెలిసిన కాళ్ళు ఇంకో జత ఉన్నాయి. స్తంభం చాటున కుళ్ళి కుళ్ళి నేర్చుకున్న కాళ్ళు.

ఎవరికీ చెప్పకుండా మండపం వెనుక మెట్లు దిగింది. నగలు ఊడదీసి, పట్టుచీర మీద పనివాళ్ళ ముతక దుప్పటి చుట్టుకుని, మరుదేశపు వాళ్ళ గుర్రాలసాల వైపు పరుగెత్తింది. వాళ్ళ దగ్గర లద్దె వాసన వస్తుందని నిండు సభలో వెక్కిరించింది తానే. అక్కడున్న స్త్రీ ఆమెను గుర్తుపట్టింది. ఎర్రగుర్రానికి కళ్ళెం వేసి ఇస్తూ, దానిని మడమలతో పొడవవద్దని, చెవిలో చెబితే వింటుందని మాత్రం అంది.

ఎర్రగుర్రం గాలిని చీల్చుకుపోయింది. జొన్నచేలు దాటింది, ఇసుకవాగు దాటింది, మోదుగుల అడవిలో నిప్పురవ్వల్లా రాలుతున్న పూల మధ్యనుంచి దూసుకుపోయింది. కొండమొదట్లో రాజు పంపిన రౌతులు ఎదురయ్యారు. కొందరికి గుర్రాలు లేవు, ఒకడికి చేయి లేదు. లోయలో మహాఉడుము ఉందనీ, కదిలినదాన్నల్లా మింగుతోందనీ, ఎవరూ పోలేరనీ అరిచారు. విపంచిక గుర్రం దిగి, దాని చెవిలో వెనక్కు పొమ్మని చెప్పి, లోయలోకి ఒంటరిగా నడిచింది.

లోయ ఇరుకు. రెండు వైపులా నిలువు బండలు, వాటి మీద ఊదారంగు నాచు, పైన దారమంత ఆకాశం. సగం దూరం పోయేసరికి తాను ఆనుకున్న బండ ఊపిరి తీసుకుంది. బండ కాదు, ఉడుము. ఏనుగు పట్టేంత నోరు, అందులో చీలిన నాలుక. తల ఆమె వైపు తిరిగింది.

పరుగెత్తితే చావు. విపంచిక పరుగెత్తలేదు. కుడికాలు ఎడమ మోకాలికి ఆనించి, ఒక చేయి తల మీదుగా వంచి, మెడ వాల్చి, మండపంలో రాతికన్య నిలిచినట్టు నిలిచిపోయింది. ఊపిరి నాభి దగ్గర పట్టి ఉంచింది. కొలువునాట్యంలో అన్నిటికంటే కష్టమైనదీ, చూసేవాళ్ళు అన్నిటికంటే తక్కువ మెచ్చుకునేదీ అదే. ఉడుము నాలుక ఆమె మడమను తాకింది, పిక్కను తాకింది, చెంప మీద చల్లగా పాకింది. చెమట కంట్లోకి కారింది. రెప్ప వేయలేదు. నిలిచిన కాలు వణకబోయినప్పుడు ఆమెకు గోరింకే గుర్తుకు వచ్చింది. ఆ పిల్ల నిలవగలిగితే తాను నిలవలేదా? పంతం పట్టి కాలు బిగించింది. చివరకు ఆ జంతువు విసుగుతో తోక ఈడ్చుకుంటూ రాళ్ళ చాటుకు పోయింది.

లోయ దాటగానే కాగుమడుగు. ఎర్రటి బురద కుతకుత ఉడుకుతూ బుడగలు చిమ్ముతోంది. ఆవిరి తెరల మధ్య నల్లరాళ్ళు తాబేళ్ళ వీపుల్లా లేస్తున్నాయి, మునుగుతున్నాయి. మడుగు నడుమ వెడల్పాటి బండ మీద ఇద్దరు మనుషులు. ముందు గోరింక, ఆమె అడుగులో అడుగు వేస్తూ వెనుక ఉలూకాక్షుడు. పగిలి రక్తం కారుతున్న తన పాదాలను ఆపాలని గోరింక వంగి మడమలు పట్టుకుని ఉంది. మాంత్రికుడు దండంతో ఆమె వీపు మీద పొడుస్తున్నాడు.

విపంచిక చీర కుచ్చెళ్ళు బిగించింది. కళ్ళు మూసుకుని దుబ్బన్న డోలును తలుచుకుంది. ఒంటికాలు, చాపు, దూకు, ఆగు. మొదటి రాయి అరికాలిని కాల్చింది, కాని మోసింది. రెండవది ఆమె దూకాక కాని తేలలేదు. ఉత్త బురదలోకి దూకుతున్నానని తెలిసీ దూకవలసి వచ్చింది. ఇన్నాళ్ళూ కప్పగంతులని పండితులతో కలిసి వెక్కిరించిన ప్రతి గంతుకూ కింద ఒక రాయి ఉంది. ఎగిరి తిరిగే మలుపు పక్కన బుసకొట్టే ఆవిరి గుండం ఉంది. నడుము వంచే చోట తల మీదుగా ఆవిరి చిమ్మింది. ఎంత తెలివి, ఎంత అందం అనుకుంది. ఇది నాది కాకపోయిందే అని కూడా అనుకుంది.

బండ మీద ఆమె పాదం మోపిన చప్పుడుకు ఉలూకాక్షుడు వెనుదిరిగాడు. మొదట ఆశ్చర్యపోయాడు, తరువాత పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు.

"చూశావా గోరింకా, నీ అప్ప వచ్చింది," అన్నాడు. "ఈ గజ్జెలు ఇచ్చి నీ ఆట చెడగొట్టమంటే సంతోషంగా కట్టింది. అడుగు, కాదంటుందేమో."

గోరింక తల ఎత్తింది. ఆ చూపులో కోపం కంటే ముందు వచ్చినది నమ్మలేకపోవడం.

"నిజమేనా అప్పా?"

"నిజమే," అంది విపంచిక. "తెలిసే కట్టాను. నీ అడుగు తప్పితే చూడాలనుకున్నాను."

అంటూనే గోరింక కాళ్ళ ముందు పడి నల్లగజ్జెల ముడి పట్టుకుంది. ముడి నిప్పుకణికలా కాలింది. వేలి చర్మం అంటుకుపోయింది. మాంత్రికుడి దండం భుజం మీద పడింది. పళ్ళు బిగించి ఒక ముడి విప్పింది, రెండవది పంటితో కొరికింది. గజ్జెలను దూరంగా మడుగులోకి విసిరింది. బురద వాటిని మింగి, పచ్చటి మంట ఒకటి కక్కింది.

కట్టు తెగిన గోరింక క్షణం కూడా నిలవలేదు. ఒక్క దూకు, ఇంకొక దూకు. ఆవిరిలో మాయమై, మడుగు అవతలి గట్టు మీద తేలింది. విపంచిక ఆ అడుగులు పట్టుకోవాలని చూసింది, కాని ఆవిరి కప్పేసింది. దాటుడాటలో ఈ చివరి భాగాన్ని గోరింక మండపంలో ఎన్నడూ ఆడలేదు. అది కొండ ఆడవాళ్ళు తమలో తామే దాచుకున్నది.

పాదాల కింద బండ మెల్లగా దిగడం మొదలుపెట్టింది. బురద అంచులను నాకుతోంది. వెనక్కు పోదామంటే తాను దాటి వచ్చిన రాళ్ళు అప్పుడే మునిగిపోయాయి. ఉలూకాక్షుడు విపంచిక జడను ముంజేతికి చుట్టుకుని, ఆమె ఎటు దూకితే తానూ అటే దూకుతానని, మునిగితే ఇద్దరమూ మునుగుదామని చెవిలో బుసకొట్టాడు. గోరింక గట్టు మీదినుంచి తోవ కేకవేసి చెబితే వాడికీ వినిపిస్తుంది, ఆమెను బురదలోకి తోసి తానొక్కడే దూకేస్తాడు. చెప్పకపోతే వాడితో పాటే విపంచిక పోతుంది. చెప్పవలసిన అవసరం మాత్రం ఆ పిల్లకు ఏముంది?

ముందు రెండు రాళ్ళు తేలాయి. ఒకటి కుడివైపు, ఒకటి ఎడమవైపు. మోసేది ఏదో ఆమెకు తెలియదు.

గట్టు మీద గోరింక కదలకుండా నిలబడి చూసింది. ముఖంలో దయ లేదు, పగ లేదు, ఏమీ లేదు. తరువాత నెమ్మదిగా కుడిచేయి ఎత్తి, నాలుగు వేళ్ళు చేర్చి, బొటనవేలు పక్కకు చాచింది.

అర్ధచంద్రహస్తం. కొలువునాట్యంలో చంద్రుడు పుట్టే దిక్కుకు గుర్తు అది. తూర్పంటే విపంచికకు కుడివైపు. మాంత్రికుడు ఆ చేతిని చూసి, ఏమిటా సైగ అని ఆమె జడ గుంజి అడిగాడు. వాడికి అర్థం కాలేదు. ఆ భాష తెలిసిన వాళ్ళు ఈ మడుగు దగ్గర ఇద్దరే. తాను స్తంభం చాటున నిలిచి ఆ పిల్ల అడుగులు దొంగిలించిన రోజుల్లోనే, ఇంకో స్తంభం చాటున ఆ పిల్ల నిలిచి తన చేతులు దొంగిలించిందన్నమాట.

నిజమే చెబుతోందా, చావుకే పంపుతోందా తెలియదు. తెలుసుకునే వ్యవధీ లేదు. బురద కాలివేళ్ళకు తగిలింది. అయినా ఆ ఘడియలో విపంచిక చూపు రాళ్ళ మీదికి పోలేదు. గోరింక చేతి మీదనే నిలిచింది. ఆ మణికట్టు వంపు, ఆ వేళ్ళ కొసల్లో నిండిన ప్రాణం, ఎవరూ నేర్పకుండా, ఎవరూ సరిదిద్దకుండా... తనకంటే ఎంత బాగా పట్టింది.

చావు అంచున నిలిచిన ఆస్థాన నర్తకి గుండెలో భగ్గుమన్నది భయం కాదు, అసూయే. ఇంత అందంగా పట్టిన చేయి అబద్ధం చెప్పదని ఆ అసూయే ఆమెకు చెప్పింది.

జడ పట్టిన మాంత్రికుణ్ణి వెంట ఈడ్చుకుంటూ విపంచిక కుడివైపు దూకింది.